రెండు వారాలు దాటిన దగ్గు



గృహ సందర్శనకు వెళ్ళినప్పుడు మన ఇళ్ళల్లో నేను తరచుగా వినే మాట ఒకటుంది. లోపలి గదిలో ఎవరో దగ్గుతుంటారు. "ఎవరికమ్మా ఒంట్లో బాగాలేదు?" అని అడుగుతాను. ఇంటి ఇల్లాలు కాఫీ గ్లాసు చేతికిస్తూ, "ఆయ్, ఏం లేదండి ఫాదర్ గారూ, ఒట్టి దగ్గేనండి" అంటుంది. చాలాసార్లు అది నిజంగా ఒట్టి దగ్గే. అయితే అన్నిసార్లూ కాదు. ఏది ఒట్టి దగ్గో, ఏది కాదో కుటుంబంలో పెద్దవాళ్ళకైనా తెలిసి ఉండాలన్న ఉద్దేశంతో ఈ వారం పాఠం రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను. ఇందులో వైద్య విషయాలన్నీ వైద్యులు చెప్పినవి, చదివి తెలుసుకున్నవి. తప్పు మాత్రం ఒకటి నా సొంతం. దాన్ని కూడా చెబుతాను.

ముందుగా పడిశం సంగతి చూద్దాం. మన కోనసీమలో ఎవరికైనా ముక్కు కారితే మొదటి నింద కొబ్బరి నీళ్ళ మీద పడుతుంది. తరువాత పెరుగు మీద, తరువాత కాలువ స్నానం మీద. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదువుకునే రోజుల్లో మాకు నేర్పిన తొలి పాఠాలలో ఒకటి, ఒకదాని వెనుక మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణం కాదని. దీనికి మా ఆచార్యులు పాశ్చాత్య తత్వవేత్తలను ఉదహరించేవారు గాని, కోడీ కుంపటీ పెట్టుకున్న మన ముసలమ్మ కథ చాలదా? రాత్రి కొబ్బరి నీళ్ళు తాగాడు, పొద్దున్నకి పడిశం పట్టింది అంటారు. పడిశం తెచ్చే వైరస్ మన ఒంట్లో చేరాక ముక్కు కారడానికి సాధారణంగా ఒకటి నుండి మూడు రోజులు పడుతుంది. కాబట్టి దోషి రాత్రి తాగిన బొండం కాదు. రెండు రోజుల క్రితం రావులపాలెం బస్సులో పక్కసీటులో కూర్చుని, చెయ్యి అడ్డం పెట్టకుండా తుమ్మిన పెద్దమనిషి.

అతని తుమ్ములోని తుంపరలు మన ముక్కులోకి చేరవచ్చు. లేదా అతను ముక్కు తుడుచుకున్న చేత్తో పట్టుకున్న కమ్మీని మనం పట్టుకుని, అదే చేత్తో కన్నో ముక్కో నలుపుకోవచ్చు. అందుకే పడిశానికీ ఫ్లూకీ సబ్బుతో చేతులు కడుక్కోవడం మంచి అడ్డుకట్ట. దగ్గు వస్తే అరచేతిలోకి కాకుండా మోచేతి వంపులోకో, తువ్వాలులోకో దగ్గాలి. అరచేయి పది చోట్ల తిరుగుతుంది, మోచేయి తిరగదు.

ఇవి వైరస్‌ల వల్ల వచ్చేవి కనుక యాంటీబయోటిక్ మాత్రలు వీటి మీద పనిచేయవు. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా, మందుల షాపులో "మూడు రోజులకి గట్టివి ఇవ్వండి" అని అడిగేవారు తగ్గడం లేదు. జ్వరమూ ఒళ్ళునొప్పులూ ఒక్కసారిగా వచ్చి పడితే అది ఫ్లూ కావచ్చు. ఆరోగ్యవంతులైతే విశ్రాంతితో తేరుకుంటారు. అరవై దాటినవారు, గర్భిణులు, చక్కెర జబ్బు, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు మాత్రం తేలికగా తీసుకోకూడదు. ఆయాసం, ఛాతీ నొప్పి, మాట తడబాటు, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. ఫ్లూకు ఏటా వేయించుకోవలసిన టీకా ఉంది. పెద్దవాళ్ళున్న కుటుంబాలు వైద్యుణ్ణి అడిగి తెలుసుకోండి. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది. 2020లో కోవిడ్ వచ్చి మనం గుడి తలుపులు మూసుకున్నప్పుడు గాని ఆ పాత సంగతి మనకు గుర్తు రాలేదు.

ఇక పసిబిడ్డల విషయం. మన తల్లులకు తెలిసిన ఒక గొప్ప లక్షణం ఉంది. బిడ్డ "డొక్కలెగరేస్తున్నాడు" అంటారు. ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి లాక్కుపోవడం అది. సరిగ్గా ఇదే లక్షణాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ న్యుమోనియాను గుర్తించడానికి ఆరోగ్య కార్యకర్తలకు నేర్పిస్తోంది. అంటే మన అమ్మమ్మల చూపు సరైనదే. ఆ తరువాత చేసిన పనే సరికాదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించడం, పొట్ట మీద చురకలు పెట్టించడం వల్ల విలువైన ఒకటి రెండు రోజులు గడిచిపోయేవి. న్యుమోనియాకు ఒకటి రెండు రోజులు చాలా ఎక్కువ.

డొక్కలెగరడానికంటే ముందే పట్టుకునే ఉపాయం కూడా ఉంది. దానికి కావలసింది సెకన్ల ముల్లు ఉన్న గడియారం. దగ్గు, జ్వరం ఉన్న బిడ్డ ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట లేచి పడడాన్ని నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60 గాని అంతకు మించి గాని, రెండు నెలల నుండి ఏడాది లోపు బిడ్డకు 50 గాని అంతకు మించి గాని, ఏడాది నుండి అయిదేళ్ళ లోపు పిల్లలకు 40 గాని అంతకు మించి గాని వస్తే ఊపిరి వేగంగా ఉన్నట్టు. అప్పుడిక తెల్లవారేదాకా ఆగకూడదు. పాలు తాగలేకపోయినా, మగతగా పడి ఉన్నా లెక్కతో పనిలేకుండానే బయలుదేరాలి. క్రిందటి నెల మన మాతృసంఘం సమావేశంలో తల్లులందరిచేత ఒకరి బిడ్డకు ఒకరు లెక్కపెట్టించాను. మొదట నవ్వారు. పావుగంటలో అందరికీ వచ్చేసింది.

న్యుమోనియాలో చాలావరకు బ్యాక్టీరియా వల్ల వచ్చేదే ప్రమాదకరమైనది. దానికి యాంటీబయోటిక్ మందులు పనిచేస్తాయి. పడిశానికి వృథాగా వాడే మందు ఇక్కడ ప్రాణం నిలబెడుతుంది. మన గోదావరికి అవతల భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించిన రోజుల్లోనే, 1940లలో, ఆరియోమైసిన్ అక్కడ వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబపు మందులలో అదే మొదటిది, కొన్ని రకాల న్యుమోనియాకు అది వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు రాకుండా ఆపే టీకాలు కూడా ఉచితంగా వేస్తున్నారు. న్యుమోకోకల్ టీకా ఆరవ వారం, పద్నాలుగవ వారం, తొమ్మిదవ నెలలలో వేస్తారు. పెంటావాలెంట్ టీకా ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేస్తారు. తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకా. ఏఎన్ఎం గారు ఇచ్చిన కార్డును బాప్తిస్మ పత్రంతో పాటు భద్రంగా దాచుకోండి. కొబ్బరి డొక్కలతో, మట్టలతో పొయ్యి రాజేసే ఇళ్ళలో బిడ్డను చంకనేసుకుని పొయ్యి దగ్గర కూర్చోవద్దు. ఆ పొగ పసి ఊపిరితిత్తులకు హాని చేసి న్యుమోనియాకు దారి తీస్తుంది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఆ కుటుంబం అనుమతితోనే, ఊరు పేరు చెప్పకుండా రాస్తున్నాను.

2017లో నేను పనిచేస్తున్న విచారణలో ఒక దింపు కార్మికుడు ఉండేవాడు. నలభై అయిదేళ్ళుంటాయి. ఎంత ఎత్తు చెట్టయినా ఎక్కి గెలలు దింపేవాడు. భార్య కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళింది. పెద్దమ్మాయికి ప్రధానం జరిగింది. వివాహ ప్రకటన మూడు ఆదివారాలు పీఠం దగ్గర నిలబడి నేనే చదివాను. ఆ మూడు ఆదివారాలూ అతను గుడి వెనుక గుమ్మం దగ్గర నిలబడి దగ్గుతూనే ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. నేను చూశాను. చుట్ట తాగుతాడు కదా, చుట్ట దగ్గు అనుకున్నాను. పెళ్ళి పనుల్లో నలిగాడు, అందుకే చిక్కాడు అనుకున్నాను. కోడి కూతకూ తెల్లవారడానికీ ఉన్న తేడా చదువుకున్నవాణ్ణి, దగ్గుకు దగ్గరలో కనిపించిన కారణాన్ని అంటించి ఊరుకున్నాను.

పెళ్ళి బాగా జరిగింది. పద్దెనిమిది రోజుల తరువాత అర్ధరాత్రి వ్యాధిగ్రస్తుల అభ్యంగనానికి నన్ను పిలిచారు. మంచం పక్కన ఇత్తడి చెంబులో రక్తం. మర్నాడు ఆసుపత్రిలో క్షయ అని తేలింది. రెండు ఊపిరితిత్తులూ పాడైపోయాయి. ఇరవై రోజులు కూడా బతకలేదు. ఏడు నెలలుగా దగ్గు ఉందని, సాయంత్రం పూట జ్వరం వచ్చేదని, ఊళ్ళో సూది మందు వేయించుకుంటూ గడిపాడని అప్పుడు తల్లి చెప్పింది. "పరీక్ష చేయించుకుంటే జబ్బు పేరు బయటికొస్తుంది, పిల్ల పెళ్ళి ఆగిపోతుందన్నాడు బాబూ" అని ఏడ్చింది. అదే ఇంట్లో అతని చెల్లెలి కూతురు, నాలుగేళ్ళ పాప, రోజూ మేనమామ పక్కనే పడుకునేది. పరీక్ష చేస్తే పాపకూ క్షయ ఉంది. ఆరు నెలలు మందులు వాడారు. పాపకు పూర్తిగా నయమైంది. ఇప్పుడు హైస్కూల్లో చదువుతోంది.

అతనికి కూడా ఏడు నెలల ముందు అదే మందులు అందేవి. ఉచితంగానే అందేవి.

క్షయను మన ఇళ్ళల్లో ఎందుకు దాచిపెడతారో నాకు తెలుసు. పెళ్ళి సంబంధాలు ఒక కారణం. గల్ఫ్ ఇంకో కారణం. అక్కడికి వెళ్ళేముందు చేసే వైద్య పరీక్షల్లో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. పాత క్షయ మచ్చ కనిపించినా "అన్‌ఫిట్" అని రాస్తారు. అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టినవాళ్ళకు అది చిన్న దెబ్బ కాదు, నేను కాదనను. కాని ఆ ఎక్స్‌రేలో పడే మచ్చ దాచిన జబ్బు వల్ల చిన్నదవదు, పెద్దదవుతుంది. తొందరగా మందు మొదలుపెడితేనే మచ్చ చిన్నగా మిగిలే అవకాశం. మూడవ కారణం పాత నమ్మకం. క్షయ వంశపారంపర్యమని, ఆ ఇంటి పిల్లను చేసుకుంటే వస్తుందని. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ అనే జర్మన్ వైద్యుడు దానికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్టు బెర్లిన్‌లో ప్రకటించాడు. ఒకే ఇంట్లో నలుగురికి వచ్చేది ఒకే రక్తం వల్ల కాదు, ఒకే గదిలో గాలి పీల్చడం వల్ల. అయినా మన సంబంధాల మధ్యవర్తుల దాకా ఆ కబురు ఇంకా చేరలేదు.

మనమంతా ప్రేమించే చిన్న పుష్పం, పునీత తెరేజమ్మ గారు, 1896 పెద్ద గురువారం రాత్రి మొదటిసారి రక్తం కక్కుకున్నారు. 1897 సెప్టెంబరు 30న, 24 ఏళ్ళకే, క్షయతో మరణించారు. ఆ సూక్ష్మజీవిని అప్పటికి కనుగొన్నారు గాని చంపే మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని దొరకలేదు. ఆమె బాధను మనం ధ్యానిస్తాం, మంచిదే. కాని ఈనాడు మన విచారణలో ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి అదే జబ్బుతో పోతే దాన్ని దేవుని చిత్తం అనడానికి నాకు నోరు రాదు.

మందులు రాకముందు మన రాష్ట్రంలో క్షయ రోగులకు పెద్ద దిక్కు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం. 1915లో మిషనరీలు ప్రారంభించిన ఆ శానిటోరియంలో విశ్రాంతి, మంచి తిండి, ధారాళమైన గాలి, వెలుతురు, ఇవే చికిత్స. మంచాలు కొన్ని, రోగులు లెక్కలేనంత మంది. అలాంటప్పుడు 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలుపెట్టారు. రోగులను రెండు భాగాలు చేసి, కొందరిని శానిటోరియంలో ఉంచి, కొందరిని ఇరుకు ఇళ్ళల్లోనే, వాళ్ళు తినే సాధారణ తిండితోనే ఉంచి, ఇద్దరికీ ఒకే మందులు ఏడాది పాటు ఇచ్చారు. 1959లో ఫలితాలు వెలువడ్డాయి. ఇంట్లో ఉన్నవారు కూడా దాదాపు అంత బాగానే కోలుకున్నారు. అంతకంటే ముఖ్యమైన సంగతి, వాళ్ళతో కలిసి ఉన్న ఇంటివాళ్ళకు అందువల్ల అదనంగా జబ్బు అంటుకోలేదు. ప్రపంచమంతటా క్షయ వైద్యాన్ని మార్చిన పరిశోధన అది.

దీని అర్థం మన ఇళ్ళకు చాలా దగ్గరిది. మందు మొదలుపెట్టిన రోగి వల్ల ఇంటికి ప్రమాదం త్వరత్వరగా తగ్గిపోతుంది. సరైన మందు పడితే సాధారణంగా రెండు మూడు వారాల్లోనే అంటించే శక్తి చాలావరకు పోతుంది. ప్రమాదమంతా మందు మొదలుపెట్టక ముందు, "ఒట్టి దగ్గేనండి" అన్న నెలల్లోనే ఉంది. చికిత్స లేని ఒక రోగి ఏడాదిలో పది పదిహేను మందికి ఆ క్రిమిని అంటించగలడని అంచనా. మనం చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. జబ్బు తెలియనంతకాలం అందరం ఒకే గదిలో పడుకుంటాం. తెలిసిన రోజు నుండి కంచం వేరు, గ్లాసు వేరు, మంచం పశువుల పాకలో. కంచాల వల్ల, బట్టల వల్ల క్షయ అంటుకోదు. దగ్గినప్పుడు గాలిలోకి వచ్చే అతి సన్నని తుంపరల వల్లనే అంటుకుంటుంది. మూసిన గదిలో అవి గంటల తరబడి తేలుతూ ఉంటాయి.

కనుక రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా కళ్ళె పరీక్ష చేయించండి. చుట్ట తాగేవారికైనా, కొబ్బరి పీచు దుమ్ములో పనిచేసేవారికైనా ఇదే మాట. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, కళ్ళెలో రక్తం, వీటిలో ఏదైనా ఉంటే రెండు వారాలు కూడా ఆగవద్దు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రభుత్వ ఆసుపత్రులలో అడగండి. దూరమైతే మీ ఊరి ఆశా కార్యకర్తకు చెబితే దారి చూపిస్తుంది. పరీక్షకు, మందులకు పైసా కట్టనక్కరలేదు. పొద్దున్నే నిద్ర లేచి, నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి తీసుకుని లోపలినుండి దగ్గి తీసిన కళ్ళె కావాలి. ఉమ్మి ఇస్తే పరీక్ష వృథా. ఆ దగ్గడం కూడా ఆరుబయట చేయండి, గదిలో కాదు.

క్షయ అని తేలితే సాధారణంగా ఆరు నెలల మందులు. రిఫాంపిసిన్ అనే మందు వల్ల మూత్రం నారింజ రంగులోకి మారుతుంది. రక్తం పడుతోందని భయపడి మానేసినవాళ్ళు నాకు తెలుసు. అది మందు రంగు, అంతే. అంతకంటే ఎక్కువమంది రెండు నెలలకు దగ్గు తగ్గి, ఒళ్ళు చేసి, "తగ్గిపోయింది కదా" అని మానేస్తారు. అప్పుడు మిగిలిన క్రిములు మందుకు లొంగని మొండి క్రిములుగా తయారవుతాయి. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మందు మీకు మీరు ఆపకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రోగి పోషణకు ప్రభుత్వం 2018 నుండి నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తూ, 2024 నవంబరు నుండి దాన్ని 1000 చేసింది. గుడ్లు, పప్పు, చేపలు కొనడానికి ఇచ్చే డబ్బు అది. ఇంట్లో మిగిలినవారందరికీ, ముఖ్యంగా పిల్లలకు, పరీక్ష చేయించాలి. జబ్బు లేనివారికి రాకుండా ముందుగా ఇచ్చే మందు కూడా ఉంది, అడగండి. పుట్టగానే వేసిన బీసీజీ ఉంది కదా అనుకోవద్దు. పసిపిల్లలకు మెదడుకు వచ్చే క్షయ వంటి తీవ్రమైన వాటినుండి అది కాపాడుతుంది గాని, పెద్దవాళ్ళ ఊపిరితిత్తులకు దాని రక్షణ నమ్మదగినది కాదు. చక్కెర జబ్బు ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం ఎక్కువని కూడా గుర్తుంచుకోండి.

చివరిగా కిటికీల సంగతి. పెంకుటిళ్ళు పోయి స్లాబు ఇళ్ళు వచ్చాక మనం కిటికీలు తీయడం మానేశాం. కోనసీమ దోమలు తెలిసినవాణ్ణి కనుక ఎవరినీ తప్పుపట్టను. ఇనుప జాలీ కొట్టించుకుని కిటికీ తెరవండి. 2022 జూలై వరదలప్పుడు లంక గ్రామాల వాళ్ళు పునరావాస కేంద్రాల్లో కిక్కిరిసి పడుకోవలసి వచ్చింది. అలాంటి చోట దగ్గేవారికి మాస్కు ఇచ్చి కిటికీ వైపు చోటివ్వడం మన యువతీ యువకులు చేయగల పని.

మన గుడికి ఏసీ పెట్టిద్దామని ఇద్దరు ముగ్గురు పెద్దలు విరాళం ఇవ్వడానికి ముందుకొచ్చారు. వారి మంచి మనసుకు కృతజ్ఞతలు. తలుపులు మూసి మూడు వందలమందిని గంటన్నర కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదని వారికి చెప్పాను. ఆ డబ్బుతో ఫ్యాన్లు బాగుచేయిద్దాం. దగ్గు, జ్వరం ఉన్నవారు ఆదివారం ఇంట్లోనే ఉండండి. రోగులకు ఆదివార పూజ విధి కాదు. కబురు చేస్తే దివ్యసత్ప్రసాదం నేనే తెస్తాను. వచ్చినప్పుడు మీ దగ్గు ఎన్నాళ్ళనుండి అని కూడా అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. గుడిలో ఉత్తరం వైపు కిటికీలు రెండు రెక్కలు తుప్పు పట్టి తెరుచుకోవడం లేదు. వడ్రంగికి చెప్పాను, శనివారం వస్తానన్నాడు.